ఎడమచేతి తొడుగు

రైలుపెట్టెల షెడ్డులో పదకొండేళ్లుగా వెల్డింగు నాది.
ఇప్పుడొచ్చేవన్నీ జర్మనీ నమూనా పెట్టెలంట.
జర్మనీ సంగతి నాకు తెలిసిందల్లా ఇంతే:
వాళ్ల ఇనుముకు తుప్పు పట్టదు,
వాళ్ల బోల్టుకు మన పానా పట్టదు.

నా బిడ్డ జోషితకు ఇంకా ఎక్కువ తెలుసు.
ఎవరో చూసొచ్చిన కోటను ఫోనులో చూసింది.
కొండమీద బురుజు, కింద నది,
అద్దాల వెనక కత్తులు, ఇనప చొక్కాలు,
బయట పచ్చిక మీద ఒకామె చెయ్యి చాపితే
మబ్బు అంచునించి డేగ దిగొచ్చి
మోచేతిదాకా ఉండే తోలుతొడుగు మీద వాలడం.
ఆ వాలడం ఒక్కటే
వెనక్కి జరిపి, వెనక్కి జరిపి చూసింది.
"నాయనా, మనకు లేదా కోట?"

ఉండాది గదమ్మా.

ఆదివారం చంద్రగిరి బస్సు.
కిటికీ కోసం కొట్లాడి నా ఒళ్లోనే నిద్రపొయ్యింది.
గేటు కాడ ఉడకేసిన చెనిక్కాయలు కొంటే
పొట్లం కట్టిన కాయితంలో ఎవరిదో లెక్కల పరీక్ష,
నూటికి పద్దెనిమిది.

రాజమహల్లో కట్టెముక్కే వాడలేదంట,
అంతా రాయీ సున్నమూ ఇటుకా.
అతుకు యాడుందో చూస్తా నేను గోడ తడుముతుంటే
తను అద్దం అద్దం కాడా ఆగుతాది.
ముక్కు పొయ్యిన దేవుడు, చెయ్యి పొయ్యిన దేవత,
చిలుమెక్కిన కత్తి.
"డేగ యాడ?"

కావలి చెంగల్రాయుడు కుర్చీలోంచి లేచినాడు.
"డేగల్లేవు పాపా. పేరు మిగిలింది.
ఈడ ఏలినోళ్లు సాళువోళ్లు.
సాళువమంటే డేగే.
రాజులూ పొయ్యినారు, పక్షీ పొయ్యింది,
బోర్డు మీద అచ్చరాలు వాలుండాయి, చూడు."
చెప్పి మళ్లీ కూర్చున్నాడు.
ఆ మాట ఎన్నేళ్లుగా దాచిపెట్టుకున్నాడో,
అడిగినోళ్లు లేక.

అప్పుడు తీసింది సంచిలోంచి,
పులిహోర డబ్బా కిందనించి,
నా తొడుగు.
ఎడమచేతిది. నిప్పురవ్వలు తిని నల్లబడింది.
ఎప్పుడు పెట్టుకుందో నాకు తెలీదు.

విరిగిన గోడ ఎక్కి చెయ్యి చాపింది.
తొడుగు ఆమె భుజందాకా వచ్చింది.
కొండమీద దూరంగా ఒక గద్ద,
ఎవురికీ సంబంధం లేనట్టు తిరగతా ఉంది.
నొప్పి పుడతాది దించమే అంటే
కుడిచేత్తో ఎడమ మోచేతిని పట్టుకుని నిలబడింది.
సీతాఫలాలమ్మే ఆమె గంప దించి చూసింది.
కాలేజీ పిల్లోళ్లు ఫోటో తీసుకున్నారు.
గద్ద ఇంకో చుట్టు తిరిగింది.

వాలింది చివరకు.
ఆకాశంలోంచి కాదు, వెనకనించి.
కోతి.
తొడుగు గుంజుకుని వాసన చూసి
రాణిమహలు పైకెక్కి
ఒక వేలులో వేలు పెట్టి, తీసి, ఆలోచించి,
అవతలికి దూకి పొయ్యింది.
అందరూ నవ్వినారు, నేనూ నవ్వినా.
జోషిత నవ్వలేదు, ఏడవలేదు,
చిల్లర లెక్కపెట్టే మనిషి మాదిరిగా ఉండిపొయ్యింది.

తిరుగు బస్సులో అడిగింది
"రేపు చెయ్యి కాలుతాదా నాయనా?"
"లేదులేమ్మా, షెడ్డులో ఇంకోటిస్తారు."
ఇస్తారు.
అర్జీ రాయించుకుని, ఫోర్‌మన్ సంతకం చేసి,
పదైదు దినాలకు.

సోమవారం గోనెపట్ట తడిపి చుట్టుకున్నా.
మధ్యాన్నానికే ఎండిపొయ్యింది.
మణికట్టు మీద మూడు చుక్కలు,
చిన్నవే.

రాత్రి నా చెయ్యి లైటు కిందికి లాక్కుని
వేలితో తాకకుండా లెక్కపెట్టింది.
"వాలినట్టుండాది" అన్నా, ఊరికే.
నమ్మలేదు.
"ముందర మూడు గోళ్లు సరే నాయనా,
వెనక ఒకటుండాల."

చెయ్యి తిప్పి చూపించినా.
ఆ పక్క ఏమీ లేదు.
అయినా వదల్లేదు,
లైటు ఇంకా దగ్గరికి జరిపి
వెతకతానే ఉండాది.